ఉప్పుగాలికి నిలిచే సీలింగ్: విశాఖలో పోర్టికోకి, సిటౌట్‌కి, బాల్కనీకి ఏది వేయించాలి

హాల్లో వేసిన ఫాల్ సీలింగ్‌నే పోర్టికోకి కూడా కానిచ్చేయడం విశాఖలో తరచుగా జరిగే పొరపాటు. అదే టీమ్, అదే చదరపు అడుగు రేటు, అదే సామాను. గృహప్రవేశం నాటికి అందంగానే ఉంటుంది. రెండో వర్షాకాలం వచ్చేసరికి స్క్రూ తలల చుట్టూ గోధుమరంగు మరకలు దిగుతాయి, జాయింట్ల దగ్గర పుట్టీ చిట్లుతుంది, ఏదో ఒక మూల బొజ్జలా కిందికి వస్తుంది. అప్పుడు అందరూ బోర్డునే తిడతారు. చాలాసార్లు ముందు పాడయ్యేది బోర్డు కాదు, దాన్ని పట్టుకున్న ఫ్రేమూ స్క్రూలూ. కాబట్టి ఇక్కడ మెటీరియల్స్‌ని పోల్చేటప్పుడు, కంటికి కనిపించే షీటుతో పాటు పైన కనిపించకుండా ఉండే ఇనుము గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడుకోవాలి.

నీడపట్టునే తుప్పు ఎక్కువ

వాన తగలదు కదా, సీలింగ్ కింద తుప్పు ఎందుకు పడుతుందని చాలామంది అడుగుతారు. వాన తగలకపోవడమే ఇక్కడ కష్టం. సముద్రం మీద నుంచి వచ్చే గాలిలో సన్నని ఉప్పు తుంపర ఉంటుంది. ఎండావానా తగిలే గేటు మీద పడిన ఉప్పును వాన కడిగేస్తుంది. పోర్టికో లోపల, సీలింగ్ పైభాగాన పేరుకున్న ఉప్పును కడిగేవాళ్లు ఉండరు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఇనుము మీద తడిపొరలా కూర్చుంటుంది. అందుకే బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, సాగర్‌నగర్, రుషికొండ వైపు ఇళ్లలో బయటి గ్రిల్ కన్నా లోపలి హ్యాంగర్ (ఫ్రేమును స్లాబుకి వేలాడదీసే కమ్మీ) ముందు తుప్పు పట్టడం చూస్తాం.

మామూలు ఫాల్ సీలింగ్ జీఐ (జింకు పూసిన ఇనుము) చానెళ్ల మీద ఉండే జింకు పూత పలచన. హాల్లో అది చాలు. బయట, కోసిన ప్రతి అంచు దగ్గరా, స్క్రూ దిగిన ప్రతి రంధ్రం దగ్గరా ఇనుము తేలి ఉంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. నల్ల జిప్సం స్క్రూలైతే సముద్రపు గాలికి మొదటి ఏడాదే రంగు మారతాయి. వాటిని బయట వాడనే వాడొద్దు.

ముందు పైకి చూడండి: స్లాబా, రేకా?

మెటీరియల్ ఎంచుకునే ముందు, సీలింగ్ దేని కింద వస్తుందో చూసుకోవాలి.

ఆర్‌సీసీ స్లాబు అయితే సుత్తి పిడితో అడుగడుగునా తట్టి చూడండి. ఖంగుమంటే మంచిదే. డొల్లగా మోగితే లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతూ ఉండొచ్చు, పెచ్చు ఎప్పుడైనా ఊడొచ్చు. తీరప్రాంతంలో ఇది అరుదు కాదు. అలాంటి స్లాబు కింద సీలింగ్ కప్పేస్తే రోగం దాగుతుందే తప్ప తగ్గదు. పైగా ఒక రోజు పెచ్చు ఊడి సీలింగ్ మీదే పడుతుంది. ముందు పెచ్చులు కొట్టించి, చువ్వ తుప్పు గీకించి, జింక్ ప్రైమర్ వేయించి, పాలిమర్ మోర్టారుతో నింపించాలి. పై అంతస్తు బాత్‌రూము లేదా డాబా లీకు ఉంటే అది ఆగాకే సీలింగ్ మాట ఎత్తాలి.

ఇంకొకటి, స్లాబు అంచు. బయటి అంచు అడుగున నీటి గాడి లేకపోతే వాననీరు అంచు చుట్టూ తిరిగి స్లాబు అడుగునే పట్టుకుని లోపలికి పాకుతుంది. అంచుకు రెండంగుళాల లోపలగా సుమారు 10 మిల్లీమీటర్ల గాడి ఉంటే ఆ నీరు అక్కడే బొట్టుగా రాలిపోతుంది. గాడి లేని పాత ఇళ్లలో చిన్న అల్యూమినియం యాంగిల్‌ని సీలెంటుతో అంటించినా సరిపోతుంది. ఈ చిన్న పని మరిచిపోయిన చోట ఎంత ఖరీదైన సీలింగ్ వేసినా ముందు వరస పాడవుతుంది.

రేకుల షెడ్డు కింద అయితే కథ వేరు. మే నెల మధ్యాహ్నం రేకుకీ సీలింగ్‌కీ మధ్య గాలి మండిపోతుంది. తెల్లవారుజామున రేకు అడుగున చెమ్మ పట్టి చుక్కలుగా రాలుతుంది. అంటే వేడీ తడీ రెండూ తట్టుకునేదే అక్కడ పనికొస్తుంది. ఆ ఖాళీలోంచి గాలి ఆడే దారి కూడా ఉండాలి.

ఏది ఎంతవరకు

పీవోపీ, జిప్సం బోర్డు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, బయటికి వద్దు. ఆకుపచ్చ రంగులో వచ్చే తేమ నిరోధక జిప్సం కూడా బాత్‌రూము ఆవిరి కోసం చేసిందే తప్ప వానజల్లు కోసం కాదు. తడిసి ఆరి తడిసి ఆరితే కాగితం ఊడుతుంది, బోర్డు జారుతుంది. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు అద్దాలు ఉన్న సిటౌట్ అయితే అది గది కిందే లెక్క, అక్కడ సరే. క్యాల్షియం సిలికేట్ బోర్డు జిప్సం కన్నా మెరుగే గానీ నీళ్లు పీల్చే గుణం దానిదీ. జల్లు కొట్టే చోట దాన్నీ పక్కన పెట్టొచ్చు.

పీవీసీ ప్యానెల్ ఇప్పుడు అందరి నోటా ఉన్నది. పది అంగుళాల వెడల్పు, పది అడుగుల పొడవు, ఒకదాంట్లో ఒకటి దిగే గాడి. చవక, తేలిక, ఒక్క రోజులో పని అయిపోతుంది. నీళ్లకు భయం లేదు, చెదపురుగు ముట్టదు. స్లాబు కింద, ఎండ నేరుగా పడని వెనకవైపు వసారాకి, వాషింగ్ ఏరియాకి మంచిదే. కానీ దానికి మూడు బలహీనతలున్నాయి. మొదటిది వేడి. మూడు మీటర్ల ప్యానెల్ 30 డిగ్రీల తేడాకి సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గోడకు గోడ బిగుతుగా కోసి పెడితే వేసవిలో విల్లులా వంగుతుంది. రెండు చివర్లా ట్రిమ్ లోపల కనీసం 5 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. రేకు షెడ్డు కింద నేరుగా వేస్తే మెత్తబడి జారుతుంది, కాబట్టి అక్కడ వద్దు. రెండోది గాలి. లోపల బోలుగా, చదరపు మీటరుకి రెండు మూడు కిలోలే ఉండే ప్యానెల్ తుపాను గాలికి గాడిలోంచి ఊడి పక్కింటి పెరట్లో తేలుతుంది. ఒకటి ఊడితే వరసంతా వదులే. మూడోది మంట. పీవీసీ దానంతట అది సులభంగా అంటుకోకపోయినా, మంట తగిలితే కరిగి కారుతుంది, ఘాటైన పొగ వస్తుంది. దీపావళి నాడు తారాజువ్వ దూరే అవకాశమున్న వీధి పోర్టికోకీ, కార్తీకమాసమంతా దీపాలు పెట్టే తులసికోట పైనా దీన్ని వాడకపోవడమే నయం.

డబ్ల్యూపీసీ (చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసినది) లూవర్లు, అంటే చెక్కపట్టీల్లా గాడులు ఉన్నవి, ఫోటోల్లో చాలా బాగుంటాయి. కొట్లో అదే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి లోపలి గోడకు వేసే తేలికపాటి రకం, పైన సన్నని ఫిల్మ్ అంటించి ఉంటుంది. ఆ ఫిల్మ్ ఎండకి లేచిపోతుంది. రెండోది బయటి రకం, బరువుగా ఉంటుంది, రంగుపొర విడిగా అంటించకుండా అచ్చులోనే కలిసి వస్తుంది. కోసిన అంచు చూపించమని అడగండి. పై పొరను గోటితో లేపగలిగితే అది లోపలి రకమే. బయటి రకానికి ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, సాగే గుణం మాత్రం పీవీసీ లాగే ఉంటుంది.

ఫైబర్ సిమెంట్ బోర్డు మా లెక్కలో విశాఖ పోర్టికోలకు మొదటి ఎంపిక. తడికి ఉబ్బి ముద్దకాదు, కాలదు, చెదలు పట్టదు, నచ్చిన రంగు వేసుకోవచ్చు, ఒక చోట పాడైతే ఆ షీటు ఒక్కటే మార్చొచ్చు. కొనేటప్పుడు ఐఎస్ 14862 ప్రమాణంలో టైప్ ఎ అడగండి. ఎండావానలకు వాడేది అదే, టైప్ బి ఇంటి లోపలికి. 8 అడుగులకు 4 అడుగుల షీటు 6 మిల్లీమీటర్లదైతే సుమారు 24 కిలోలు, 8 మిల్లీమీటర్లదైతే 32 కిలోల దాకా తూగుతుంది. సీలింగ్‌కి 6 సరిపోతుందని పనివాళ్లు అంటారు. ఇళ్ల మధ్య, గాలి మరుగున ఉన్న చోటైతే నిజమే. సముద్రం ఎదురుగా ఉంటే 8 వేయించండి. స్క్రూ తల దగ్గర చిట్లడం తగ్గుతుంది.

దీనికి కష్టాలు లేకపోలేదు. బరువు వల్ల ఎత్తడానికి ముగ్గురు కావాలి. కోసేటప్పుడు వచ్చే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా చెడు. గ్రైండరుతో పొడిగా కోయనివ్వకుండా, గీత గీసి విరిచే కత్తితోనో నీళ్లు పోస్తూనో కోయించాలి, పనివాళ్లకు ముక్కు గుడ్డ కాదు, సరైన మాస్కు ఇప్పించాలి. పని చేసే మనిషి ఆరోగ్యం కన్నా మన తొందర ముఖ్యం కాదు. కోసిన ప్రతి అంచుకీ పైకి ఎక్కించే ముందే ప్రైమర్ కొట్టాలి. బిగించాక ఆ అంచు చేతికి అందదు.

అల్యూమినియం పట్టీల సీలింగ్ ఖరీదైనదే గానీ, సముద్రానికి దగ్గర ఉన్నవాళ్లు ఒక్కసారి పెట్టే ఖర్చుగా చూస్తే న్యాయమైనది. తేలిక, కాలదు, వంగదు, పెయింటు పని లేదు. రెండు జాగ్రత్తలున్నాయి. పౌడర్ కోటింగ్ మీద ఉప్పు పేరుకోనివ్వకూడదు, మూడు నెలలకోసారి మంచినీళ్ల గుడ్డతో తుడవాలి. అలాగే, క్లిప్పులో నొక్కి పెట్టే పట్టీలు కిందినుంచి గాలి ఎత్తితే ఎగిరిపోతాయి. బయటికి వేసేటప్పుడు క్యారియర్లు, అంటే పట్టీలు తగిలించే అడ్డకమ్మీలు, దగ్గర దగ్గరగా వేసి, అంచు వరసల్లో ప్రతి పట్టీకి అదనంగా స్క్రూ లేదా రివెట్ కొట్టించాలి. ఏసీపీ షీటుతో (రెండు పలచని అల్యూమినియం రేకుల మధ్య మరో పొర ఉండేది) చేయించుకునేవాళ్లు లోపలి పొర ఏమిటో అడగాలి. మామూలు పాలిథీన్ పొర ఉన్నది మండుతుంది.

టేకు పట్టీలు? అందానికి సాటి లేదు. ఏడాదికో రెండేళ్లకో పాలిష్ లేదా నూనె పట్టించే ఓపిక ఉంటేనే. పైన్ చెక్క ఈ తేమకి మెలితిరుగుతుంది.

ఇక ఏ సీలింగూ వేయకపోవడం కూడా ఒక ఎంపికే. ఎత్తు తొమ్మిది అడుగుల లోపు ఉన్న చిన్న బాల్కనీకి తెల్ల సిమెంటు పుట్టీ, బయటి గోడలకు వేసే పెయింటు రెండు కోట్లు, గోడకు ఒక మంచి లైటు చాలు. స్లాబు ఎప్పుడూ కళ్లముందు ఉంటుంది, ఖర్చు నాలుగో వంతు కూడా కాదు.

గాలి లెక్క

భారతీయ ప్రమాణం ఐఎస్ 875లో విశాఖపట్నానికి మౌలిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇదే ఊళ్లో తీరం దాటినప్పుడు ఆ అంకె కాగితం మీద అంకె కాదని అందరికీ తెలిసింది. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. ఎత్తు, చుట్టుపక్కల ఇళ్లు, పోర్టికో ఎంత తెరిచి ఉందన్నదాన్ని బట్టి అసలు అంకె మారుతుంది, కానీ అంచనాకి ఇది చాలు.

పది అడుగులు బై పన్నెండు అడుగుల సిటౌట్ అంటే సుమారు 11 చదరపు మీటర్లు. మొత్తం మీద ఒకటిన్నర టన్నుకు పైగా తోపు. అదీ ఒకే వైపు కాదు. గాలి ముందు సీలింగ్‌ని పైకి ఎత్తుతుంది, మరుక్షణం కిందికి గుంజుతుంది. హాల్లో వాడే కమ్మీ హ్యాంగరు, సన్నని పట్టీ హ్యాంగరు బరువును వేలాడదీయగలవు గానీ పైకి తోసే గాలిని ఆపలేవు, మడతపడిపోతాయి. మడతపడ్డాక కిందికి గుంజినప్పుడు స్క్రూలు పీక్కొస్తాయి. బయటి సీలింగ్ ఊడిపోయిన ఇళ్లలో జరిగేది ఎక్కువగా ఇదే.

అందుకని గట్టి పైపు ఫ్రేము, దాన్ని స్లాబుకి పట్టే ఎల్ బ్రాకెట్లు కావాలి. అల్యూమినియం అయితే 50 బై 25 మిల్లీమీటర్ల పైపు, మందం ఒకటిన్నర మిల్లీమీటరుకి తగ్గకుండా. ఇనుప పైపు తప్పదంటే హాట్ డిప్ గాల్వనైజ్ చేసింది, అంటే కరిగిన జింకులో ముంచి తీసింది, తీసుకోండి. వెల్డింగ్ పెట్టిన చోట జింకు కాలిపోతుంది కాబట్టి, స్లాగు (వెల్డింగ్ మీద పేరుకునే పెంకు) గీకి అక్కడ జింక్ రిచ్ పెయింటు రెండు పూతలు వేయించాలి. పైపు చివర్లు తెరిచి వదిలేస్తే తుప్పు లోపలి నుంచి తింటుంది, ప్లాస్టిక్ మూతలు పెట్టించండి.

స్లాబులోకి రంధ్రం చేసి చెక్క గుల్లీలు కొట్టడం పాత అలవాటు. తేమకి ఉబ్బి, ఎండకి కుంచించుకుని రెండేళ్లలో వదులవుతాయి. 8 మిల్లీమీటర్ల లోహపు యాంకర్ బోల్టు, కాంక్రీటులో కనీసం 40 మిల్లీమీటర్ల లోతుకి దిగాలి. ప్లాస్టరు మందం ఆ లెక్కలోకి రాదు. స్క్రూలూ బోల్టులూ స్టెయిన్‌లెస్ స్టీలు. సముద్రానికి దగ్గరైతే 316 గ్రేడు, లోపలి ప్రాంతాలకు 304 చాలు. అల్యూమినియానికీ ఇనుముకీ నేరుగా తాకిడి ఉంటే ఉప్పు తేమలో అల్యూమినియం తినుకుపోతుంది, మధ్యలో నైలాన్ లేదా రబ్బరు వాషరు పెట్టాలి.

పది బై పన్నెండుకి సామాను

సిమెంట్ బోర్డు వేస్తే షీటు పొడవును పది అడుగుల వైపుకి పెట్టండి. మూడు నిండు షీట్లు పన్నెండు అడుగులూ కప్పుతాయి, మిగిలే రెండడుగుల పట్టీకి నాలుగో షీటులోంచి 2 బై 4 ముక్కలు మూడు వస్తాయి. జాయింట్లన్నీ ఒకే వరసలో పడతాయి. విరిగితే ఆదుకోవడానికి ఇంకొకటి, మొత్తం అయిదు.

ఫ్రేము పైపులు పన్నెండు అడుగుల వైపు, 16 అంగుళాల దూరంలో. పది అడుగుల్లో తొమ్మిది వరసలు వస్తాయి, అంటే 108 అడుగులు. రెండు చివర్లకి 20, షీట్ల జాయింట్ల పైన అడ్డంగా రెండు వరసలకి మరో 20. కోతలు కలుపుకుని 155 అడుగులు తీసుకోండి. జాయింటు పడే పైపుకి 50 మిల్లీమీటర్ల ముఖం కిందికి ఉండాలి, లేకపోతే రెండు షీట్ల అంచులకూ పట్టు దొరకదు. ప్రతి వరసకి మూడడుగులకొకటి చొప్పున అయిదు బ్రాకెట్లు, మొత్తం 45. పైన చెప్పిన తోపును ఇన్నిటికీ పంచితే ఒక్కోదానికి 40 కిలోల లోపే పడుతుంది, గట్టి కాంక్రీటులో దిగిన యాంకరుకి అది పెద్ద భారం కాదు. నాలుగడుగులకొక హ్యాంగరు చాలంటే ఈ లెక్క చూపించండి.

స్క్రూలు అంచుల్లో 8 అంగుళాలకొకటి, మధ్యలో 12 అంగుళాలకొకటి. అంచుకి 12 మిల్లీమీటర్లు, మూలకి 50 మిల్లీమీటర్లు దూరం వదలాలి, ఇంకా దగ్గరగా కొడితే మూల విరుగుతుంది. షీటుకి సుమారు 50 చొప్పున, ముక్కలతో కలిపి 225 స్క్రూలు కొనండి. షీట్ల మధ్య 4 మిల్లీమీటర్ల సందు వదిలి పీయూ (పాలీయురెథేన్) సీలెంటు నింపాలి. జాయింటు కనపడకూడదని టేపు వేసి పుట్టీ లాగించేవాళ్లుంటారు. బయట అది తప్పకుండా చిట్లుతుంది. ఆ సందును గీతలా కనపడనివ్వడమే అందం. సిలికాన్ మీద పెయింటు నిలవదు, అందుకే పీయూ. అల్యూమినియం సీలింగ్‌కి సిలికాన్ వాడితే న్యూట్రల్ రకమే వాడాలి. పుల్లని వాసన వేసేది లోహాన్ని తింటుంది.

పీవీసీ అయితే పది అడుగుల ప్యానెళ్లు 15, చేతిలో ఒకటి అదనంగా. పైన పైపులు రెండడుగులకు కాకుండా ఒకటిన్నర అడుగుకి, ప్రతి పైపు దగ్గరా ప్యానెల్ నాలుకకి స్క్రూ.

ఇవన్నీ సమతలంగా కాదు, బయటి వైపుకి పది అడుగులకు ఒక అంగుళం వాటం ఉండేలా బిగించాలి. ఎప్పుడైనా లీకైతే నీరు బయటికే వస్తుంది. గోడ వెంట 12 మిల్లీమీటర్ల సందు వదిలి అల్యూమినియం జాలీ పెడితే గాలి ఆడుతుంది, కందిరీగలూ పిచ్చుకలూ దూరవు. ఫ్యాన్ కొక్కెం స్లాబులోనే ఉండాలి, సీలింగ్ ఫ్రేముకి వేలాడదీయకూడదు. లైట్లు దుమ్మూ నీరూ దూరని ఐపీ 65 రకం, వైర్లు పైపులో. వీటితో పాటు ఒక మూల 2 బై 2 అడుగుల తలుపు పెట్టించండి. స్లాబు చూడాలన్నా, వైరు వెతకాలన్నా, బోల్టు బిగించాలన్నా అదొక్కటే దారి.

మీ ఇల్లు ఎక్కడ?

సముద్రం కనపడే దూరంలో, అంటే పెదవాల్తేరు తీరం వైపు, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి దారిలో ఉంటే అల్యూమినియం ఫ్రేము, 316 స్క్రూలు, కింద 8 మిల్లీమీటర్ల సిమెంట్ బోర్డు లేదా అల్యూమినియం పట్టీలు. డబ్బు తగ్గించాలంటే షీటులో తగ్గించండి, ఫ్రేములో కాదు. ఎండాడ కొండవాలు మీద ఇళ్లకూ, అపార్టుమెంట్ల పై అంతస్తులకూ గాలి ఇంకా ఎక్కువ. అక్కడ ఊడిన పట్టీ కింద నడిచేవాళ్ల మీద పడుతుంది కాబట్టి క్లిప్పు సీలింగులూ పీవీసీ వద్దేవద్దు. అసోసియేషన్ అనుమతి ముందే తీసుకోండి.

గాజువాక, మల్కాపురం వైపు ఉప్పుతో పాటు నల్లదుమ్ము కూడా. గాడులున్న లూవర్లలో అది కూర్చుంటే తుడవలేం. నున్నని బోర్డు, లేత బూడిద రంగు పెయింటు మేలు. పెందుర్తి, గోపాలపట్నం, మధురవాడ లోపలి కాలనీల్లో గాల్వనైజ్డ్ ఫ్రేము, 304 స్క్రూలు, 6 మిల్లీమీటర్ల బోర్డు బాగానే నిలుస్తాయి. వెనక వసారాకి పీవీసీ కూడా సరే.

పని ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోండి. వానల్లో పైన్నుంచి తడి పీల్చిన బోర్డుకి పెయింటు వేస్తే బుడగలు లేస్తాయి. కొటేషన్‌లో షీటు పేరు, మందంతో పాటు పైపు సైజు, దాని మందం, బ్రాకెట్ల సంఖ్య, స్క్రూ గ్రేడు రాయించుకోండి. రాయనన్నవాళ్లకి పని ఇవ్వొద్దు. ఏటా సెప్టెంబరు చివర్లో, తుపానుల కాలం ముదరకముందే, నిచ్చెన వేసి తలుపులోంచి లోపలికి టార్చి కొట్టి చూడండి. అంచు వరసను చేత్తో పైకి నెట్టి, కిందికి లాగండి. రెండు మిల్లీమీటర్లు కదిలినా ఆ వరస బోల్టులు అప్పుడే బిగించాలి.